పదిహేడో తొట్టి

ప్రతి నెలా ఇరవై ఐదో తారీకు సాయంత్రం ఐదు గంటల్లోపు సువర్చల నాలుగు లక్షల మంది పేర్లు ప్రభుత్వానికి పంపేది. విశాఖపట్నంలో ఆమె పనిచేసే ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా ఎవరెవరికి వైద్య బీమా ఉందో, ఎప్పటినుంచి ఉందో, ఏయే చికిత్సలకు వర్తిస్తుందో ఆ వివరాలన్నీ ప్రాణఛత్రం అనే ప్రభుత్వ వైద్య పథకానికి తెలియజేయాలి. మూడేళ్ళ కిందట వచ్చిన చట్టం అది. మరో గొడుగు ఉన్నవాళ్ళు మొదట ఆ గొడుగు కిందికే వెళ్ళాలి, ఏ గొడుగూ లేనివాళ్ళకే ప్రభుత్వపు గొడుగు కింద మొదటి చోటు. నివేదిక అడుగున నివేదికల అధికారిగా సువర్చల సంతకం ఉంటుంది. ఒక్క పేరు దాచినట్టు తేలినా ఆ సంతకం పెట్టే అర్హత ఆమెకు మళ్ళీ రాదు.

ఆఫీసులో చాలామంది దాన్ని ఉత్త గుమాస్తా పని అనుకునేవారు. సువర్చల మాత్రం ఒక్కో పేరునీ సరిచూసుకుని గాని పంపేది కాదు. దానికి కారణం ఆమె పిన్ని.

భీమిలి దారిలో కొండవాలున పెంపకశాల ఉంది. రోగి ఒంట్లోంచి చిటికెడు కణాలు తీసి, వాటితో అక్కడ కొత్త కిడ్నీ పెంచుతారు. గోరువెచ్చని ఉప్పునీళ్ళలాంటి ద్రవంలో, గాజు తొట్టిలో, ఎనభై నాలుగు రోజులకు అది పిడికిలంత అవుతుంది. తన కణాలతో పెరిగిందే కనక ఒళ్ళు దాన్ని కాదనదు. ప్రాణఛత్రం కింద మూడు జిల్లాలకూ కలిపి ఉన్నవి నలభై తొట్లు. సువర్చల పిన్ని వరసలో పందొమ్మిదో మనిషిగా ఎదురుచూస్తూనే చనిపోయింది. ఆమెకు ముందున్న పద్దెనిమిది మందిలో ఏడుగురికి మంచి కంపెనీ బీమాలున్నాయనీ, ప్రైవేటు పెంపకశాలలకు వెళ్ళగలిగి ఉండీ ఎవరూ ఆ మాట చెప్పలేదనీ తరవాత బయటపడింది. చట్టం వచ్చింది అలాంటివి కొన్ని వందలు జరిగాకే.

ఆ ఏడాది పాత పాలసీల వంతు వచ్చింది. కాగితాల కాలం నాటి పాలసీల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి మొదటిసారిగా నివేదికలో చేర్చారు. వారం తిరక్కుండానే పథకం నుంచి జవాబు వచ్చింది. నాలుగు లక్షల పేర్లలో ఒక్క పేరు దగ్గర ఎర్రగీత.

'మైలపల్లి నూకరత్నం, యాభై తొమ్మిదేళ్ళు. ప్రస్తుతం ప్రాణఛత్రం కింద పదిహేడో తొట్టి. పెంపకం డెబ్బై నాలుగో రోజు. తనకు వేరే బీమా లేదని ఈమె ప్రకటించారు. మీ నివేదిక ప్రకారం పదకొండేళ్ళుగా ఉంది. ప్రథమ బాధ్యత మీ కంపెనీదే అయితే తెలియజేయగలరు.'

సువర్చల పాలసీ తీసి చూసింది. ఓడల మరమ్మతు యార్డులో పనిచేసే కారి ఎల్లాజీ అనే మెకానిక్కు పేరు మీద ఉంది. తల్లి అన్న చోట నూకరత్నం పేరు. పాత రకం పాలసీ. పెంచిన అవయవాలకు అది వర్తించదు.

ఆమె మేనేజరు విశ్వేశ్వరం దగ్గరికి వెళ్ళింది. ఆయన చదివి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"బీమా ఉంది కనక ఛత్రం పక్కకు తప్పుకుంటుంది. ఈ చికిత్సకు వర్తించదు కనక మనం ఇవ్వలేం. వాళ్ళు అప్పీలు చేసుకోవాలి."

"అప్పీలు తేలడానికి నలభై ఐదు రోజులు పడుతుంది సార్. కిడ్నీ తొంభయ్యో రోజు దాటి ఆగదు."

"నాకూ బాధగానే ఉందమ్మా. కాని మనం నిజం రాశాం కదా. రాయకుండా ఉండాల్సిందంటావా?"

సువర్చల కాగితం తీసుకుని బయటికి వచ్చేసింది.

*

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి చిన్నాన్న వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. పిన్ని పోయినప్పటినుంచీ ఆయన వీళ్ళింట్లోనే ఉంటున్నాడు. సువర్చల పక్కన కూర్చుని తనూ నాలుగు కాయలు అందుకుంది. సంగతంతా చెప్పి, మనసులో ఉన్నది కూడా చెప్పేసింది.

"పాత కాగితం, ఎక్కించేటప్పుడు పొరపాటు పడ్డాం, ఆ పేరు మాది కాదు అని రాసేస్తే అయిపోతుంది చిన్నాన్నా. ఎవరూ తవ్వి చూడరు."

చిన్నాన్న ఇంకో కాయ అందుకున్నాడు. "ఆ తొట్టి కోసం ఆవిడ వెనక వరసలో ఎవరున్నారో తెలుసా?" అన్నాడు.

"తెలీదు."

"నాకూ తెలీదు. మీ పిన్నికి ముందున్న ఆ ఏడుగుర్నీ నేనెప్పుడూ తిట్టుకోలేదమ్మా. బతకాలని ఎవరికుండదు? కాని ఆ పేర్లు తెలిసి కూడా బల్లకింద పెట్టుకున్నవాడెవడో ఉన్నాడు చూడూ, వాడు మాత్రం నాకిప్పటికీ నిద్దట్లో గుర్తొస్తాడు." ఈనె తీసి పక్కన పడేశాడు. "అలాగని ఆవిడ పోవాలనీ నేననను. ఆ కుర్రాణ్ణి పిలిచి అడుగు. కాగితం చెప్పనిది మనిషి చెబుతాడు."

*

ఎల్లాజీ మర్నాడు మధ్యాహ్నం యార్డు నుంచి నేరుగా వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు కనబడకుండా చేతులు ఒళ్ళో ముడుచుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఎల్లాజీ గారూ, మీ పాలసీలో తల్లి అని నూకరత్నం గారి పేరుంది. ఆవిడ ఇంటిపేరు మైలపల్లి, మీది కారి. ఆవిడ మీకేమవుతారు?"

అతను కుర్చీలోంచి సగం లేచాడు. "ఏటయినాదండి? ఆవిడకేటైనా అయినాదా?"

"లేదు, ఆవిడ బాగానే ఉన్నారు. చెప్పండి."

"నన్ను కన్నామె నాను పుట్టిన రోజే పోనాదండి. మాయయ్య ఆ ముందు నెల్లోనే సముద్రం మీద యాటకెల్లి మరి రానేదు. పక్కింట్లో ఉండీది రత్నమత్త. ఆవిడ గుంట పుట్టి అప్పుడే పోనాది. నాను ఏడుస్తంటే ఇనలేక వచ్చి ఎత్తుకున్నాదట. అత్తా అనే పిలుస్తానండి ఇప్పటికీ. వాడలో అందరూ అలాగే నేర్పినారు. యార్డులో పనికి చేరినప్పుడు ఈ కాయితం ఇచ్చినారు. తల్లి పేరు రాయమన్నారు. నాకింకెవరి పేరు తెలుసండి రాయడానికి?"

"ఆవిడకు ఈ సంగతి చెప్పలేదా?"

"సెప్తే ఒప్పుకోదండి. నా దగ్గర్నుంచి ఒక సేప కూడా ఊరికే తీసుకోదు. జబ్బొచ్చినప్పుడు వాడుకోవచ్చులే అని ఊరుకున్నాను. ఈలోగా ఆవిడే ఛత్రంలో పేరు రాయించుకున్నాది."

సువర్చల వీలైనంత నెమ్మదిగా చెప్పింది. ఆ పేరు ఉన్నందువల్ల ఛత్రం పక్కకు తప్పుకోబోతోందనీ, ఈ పాలసీలో ఆ చికిత్స లేదనీ, అప్పీలు తేలేసరికి తొట్టిలోని కిడ్నీ చచ్చిపోతుందనీ.

"అంటే..." ఎల్లాజీ ఒళ్ళో ముడుచుకున్న చేతులు బల్లమీదికి వచ్చాయి. "నాను అమ్మ అని రాసినందుకా ఆవిడ కిడ్నీ కాయ పోతాది?"

"ఇప్పుడు పాలసీ రద్దు చేసుకున్నా లాభం లేదు. ఏడాది లోపల ఉన్న బీమా కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్కటే దారి ఉంది. ఆవిడ మీ తల్లి కాదని మీరు రాసివ్వాలి. అప్పుడు ఆవిడకు ఆ బీమా మొదటినుంచీ లేనట్టే. అదే మేం పథకానికి తెలియజేస్తాం. కాని తప్పు వివరం ఇచ్చినందుకు మూడేళ్ళు మీ ఇంట్లో ఎవరికీ మా పాలసీ ఉండదు. ఆ మూడేళ్ళూ ఛత్రం కింద చేరాల్సి ఉంటుంది."

"మునిగినోడికి సలేటండి. ఎక్కడెట్టాలో సెప్పండి సంతకం."

అతను పెన్ను అందుకున్నాడు గాని వాక్యం చదివాక చెయ్యి కదల్లేదు. 'పైన పేర్కొన్న వ్యక్తి నా తల్లి కాదు.' తరవాత తల పక్కకు తిప్పుకుని, కాగితం చూడకుండానే సంతకం చేశాడు.

"ఆవిడా చెయ్యాలి," అంది సువర్చల. "ఇద్దరి మాటా కావాలి. ఇది చట్టం."

*

పెంపకశాలలో తొట్లగది పొడుగ్గా, చల్లగా, సన్నని రొదతో ఉంది. రోగుల కోసం ఒకవైపు గోడంతా అద్దం పెట్టారు. డాక్టర్ షమీమ్ సువర్చలనూ ఎల్లాజీనీ పదిహేడో తొట్టి ఎదుటికి తీసుకెళ్ళింది. లేత గులాబీ రంగు ద్రవంలో, సన్నని గొట్టాల మధ్య, అది వేలాడుతోంది. చిక్కుడు గింజను వందరెట్లు పెంచినట్టుంది. ఉండుండి చిన్నగా అదురుతోంది.

"ఈ తొట్టిలో రెండుసార్లు వేస్తే రెండుసార్లూ పట్టలేదు," అంది షమీమ్. "ఆవిడ కణాలు బాగా అలిసిపోయాయి. మూడోసారికి ఇది నిలిచింది. దీన్ని పోగొట్టుకుంటే నాలుగోసారి వెయ్యడానికి ఆవిడ ఒంట్లో మంచి కణం దొరుకుతుందని నేను మాటివ్వలేను."

నూకరత్నం అద్దం ముందు నేలమీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి. ముఖం ఉబ్బి ఉంది, చేతులు మాత్రం ఎముకలే. రోజూ ఉదయం అరగంట ఆమె అక్కడ కూర్చుంటుందనీ, తొట్టితో మాట్లాడుతుందనీ షమీమ్ దారిలోనే చెప్పింది.

"ఎవుర్రా ఆవిడ?" అంది నూకరత్నం ఎల్లాజీతో, సువర్చలను చూసి. "పని మానీసి వచ్చినావేటి? సూడు, నిన్నటికీ ఇయ్యాలకీ నా కాయ ఎంత పెరిగినాదో."

ఎల్లాజీ ఆమె ఎదుట గొంతుకూర్చుని అంతా చెప్పాడు. చెప్పేటప్పుడు నేలకేసే చూశాడు. పాలసీ సంగతి వచ్చినప్పుడు నూకరత్నం కనుబొమలు ముడిపడ్డాయి.

"నాకు సెప్పకుండా రాసినావా?"

"ఆఁ."

"ఏటని రాసినావు?"

సువర్చలే చెప్పింది. "అమ్మ అని రాశారండి. పదకొండేళ్ళ కిందట."

నూకరత్నం తొట్టివైపు తిరిగింది. అద్దంలో ఆమె ముఖం కనిపిస్తోంది గాని అందులో ఏముందో సువర్చలకు అర్థం కాలేదు. తరవాత కాగితంలో ఏముందో చదవమంది. సువర్చల చదివింది. 'ఎల్లాజీ అను ఇతడు నా కుమారుడు కాడు.'

"నాను అనను," అంది నూకరత్నం.

"అత్తా!"

"అనను. కాయ పోతే పోనీ."

ఎల్లాజీ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఉత్త కాయితం అత్తా. నాను సంతకం పెట్టీసినాను. పెట్టీగానే నువ్వు నాకేటీ కాకండా పోనావా? ఒక్క మాట. నా మీద ఒట్టు."

"నీకు గురుతు లేదురా. నాలుగేళ్ళోడివి." ఆమె అతనితో చెబుతున్నా చూపు సువర్చల మీదికి మళ్ళింది. "అమ్మా, ఈడి తాతోళ్ళు వచ్చినారు, మా వాడకి. మా రక్తం మాకిచ్చీండి అన్నారు. పెద్దలు కూకున్నారు. ఈడు నీకు పుట్టినాడా అని అడిగినారు. లేదన్నాను. అలాగైతే నలుగుర్లో సెప్పు, ఈడు నా బిడ్డ కాదని సెప్పు అన్నారు. సెప్పినాను. నాయం అదే కదా అనుకుని సెప్పినాను. ఈడు ఏడుస్తానే ఎలిపోనాడు. ఎనిమిది నెల్లు. పొగాకు ఆరబెట్టే బేరన్‌లో పనికెట్టినారట, నాలుగేళ్ళ గుంటణ్ణి. ఒళ్ళంతా గజ్జితో ఎవరో లారీ ఆయన తెచ్చి దింపినాడు. మూడు నెల్లు నాతో మాటాడ్లేదు. ఓపాలి అన్నాను ఆ మాట. మరి అనను. సచ్చిపోతాను గాని అనను."

ఆ తరవాత ఎవరు ఎంత చెప్పినా ఆమె వినలేదు. ఎల్లాజీ బయటికి వెళ్ళి మెట్లమీద కూర్చున్నాడు. సువర్చల కాగితం సంచీలో పెట్టుకుని తిరుగుదారి పట్టింది. అది డెబ్బై ఏడో రోజు.

*

మర్నాడు ఉదయం సువర్చల ఆఫీసులో వేరే ఏ పనీ ముట్టుకోలేదు. ఎల్లాజీ పాలసీ తాలూకు నియమాల పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. ఎవరూ చదవని పుస్తకాలు అవి. రాసినవాళ్ళు కూడా మళ్ళీ చదివి ఉండరు. మధ్యాహ్నం భోజనాల వేళకు ముప్ఫై ఒకటో పేజీలో ఆగింది.

'ఈ పాలసీలో తల్లి అనగా పాలసీదారును కన్న స్త్రీ, లేదా చట్టప్రకారం దత్తత తీసుకున్న స్త్రీ.'

మళ్ళీ చదివింది. తరవాత చట్టం ప్రతి తీసి చూసింది. చట్టం అడిగేది నిజమైన వివరం, రాతపూర్వకంగా. ఫలానా వాక్యమే ఉండాలని అందులో ఎక్కడా లేదు. 'నా కుమారుడు కాడు' అనే ముక్క కంపెనీలో ఎవరో, ఎప్పుడో, ఫారం తయారుచేస్తూ రాసుకున్నది.

ఆ సాయంత్రమే ఆమె మళ్ళీ కొండెక్కింది. నూకరత్నం మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేను ఫారం తేలేదండి. మీకు తోచినట్టు చెప్పండి, నేను రాసుకుంటాను. రెండే అడుగుతాను. ఎల్లాజీ గారిని మీరు కన్నారా?"

"నేదు. ఈడి తల్లి పారమ్మ కన్నాది. దాని పేరు రాయి. దాన్ని మర్చిపోకూడదు."

"దత్తత కాగితం ఏమైనా ఉందా?"

"కాయితాలేటమ్మా. నా గుంట పోయిన నాలుగోనాడు ఈణ్ణి ఎత్తుకున్నాను. పాలు నాయే తాగినాడు. పెంచింది నాను. మజ్జిన ఎనిమిది నెల్లు నా కాడ లేడు, ఆ పాపం నాదే. అదీ రాయి. అంతే. ఇంకేటీ సెప్పను," అంది.

సువర్చల ఆ మాటలు ఆ మాటలుగానే రాసింది. చదివి వినిపించింది. నూకరత్నం రెండోసారి కూడా చదివించుకుని, బొటనవేలు సిరాలో ముంచి, గట్టిగా నొక్కి ముద్ర వేసింది.

విశ్వేశ్వరం ఆ కాగితం చూసి తల అడ్డంగా ఆడించాడు. "ఫారం మార్చే అధికారం మనకు లేదు. పథకం కంప్యూటరు దీన్ని తిప్పికొడుతుంది."

"ఫారంలో ఉన్న వాక్యం చట్టంలో లేదు సార్. నా సంతకంతో పంపుతాను. తప్పయితే నాదే."

"నీ అర్హత పోతుందమ్మా. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించాను సార్."

ఆయన ఆ కాగితం మీద తన పొట్టి సంతకం కూడా పెట్టాడు. "నేను చూశానని మాత్రమే," అన్నాడు, ఎవరో అడిగినట్టు.

కంప్యూటరు ఆయన అన్నట్టే తిప్పికొట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నిర్దేశిత వాక్యం లేదని. నాలుగు రోజులు ఫోన్లతోనే గడిచాయి. ఎనభై నాలుగో రోజున షమీమ్ ఫోన్ చేసి, కిడ్నీ పక్వానికి వచ్చిందనీ, ద్రవాన్ని కొంచెం చల్లబరిచి ఇంకో ఆరు రోజులు ఆపగలననీ, అంతకుమించి దేవుడు కూడా ఆపలేడనీ చెప్పింది. సువర్చల సెలవు పెట్టి, కాగితాలన్నీ పట్టుకుని పథకం కార్యాలయానికి వెళ్ళి కూర్చుంది. మొదటి రోజు ఎవరూ కలవలేదు. రెండో రోజు మధ్యాహ్నం ఒక అధికారి పిలిచాడు. తెల్లజుట్టు మనిషి. బల్లమీద ఫైళ్ళ మధ్య మూత పెట్టిన టిఫిను డబ్బా ఉంది.

ఆయన ముప్ఫై ఒకటో పేజీ చదివాడు. ఎల్లాజీ సంతకం చూశాడు. తరవాత నూకరత్నం మాటలు కాస్త పైకే చదవడం మొదలుపెట్టి, సగంలో గొంతు తగ్గించి, మిగిలింది లోపలే చదువుకున్నాడు.

"ఈవిడ అబద్ధం ఒక్కటీ చెప్పలేదు కదమ్మా," అన్నాడు.

"లేదండి. అందుకే తెచ్చాను. కన్నది కాదు, దత్తత లేదు. మా పాలసీ ఆవిడకు ఏనాడూ వర్తించలేదు. మేం పంపిన పేరు తప్పు. దాన్ని సరిదిద్దడం కూడా మా బాధ్యతే."

"చట్టానికి ఇది చాలు. యంత్రానికే చాలదు." ఆయన సొరుగులోంచి పాత ఫైలు కాగితం ఒకటి తీసి చేత్తోనే ఉత్తర్వు రాయడం మొదలుపెట్టాడు. చివర ముద్ర గుద్ది, "ఆపరేషనుకు ముందు రోజు ఆవిడకు నచ్చింది ఏదైనా పెట్టమనండి," అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియనట్టు నవ్వి, టిఫిను డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

ఎనభై ఏడో రోజు ఉదయం నూకరత్నాన్ని ఆపరేషనుకు తీసుకెళ్ళారు.

*

ఎల్లాజీ ఇంటి పాలసీ ఆ వారమే రద్దయింది. సువర్చలకు కంపెనీ పెద్దాఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. ఆపరేషను జరుగుతున్నంతసేపూ ఇద్దరూ ఆ గది బయట వసారాలో పక్కపక్కన కూర్చున్నారు. ఆ వసారా నిండా వాళ్ళలాంటివాళ్ళే. తొట్టి కోసం వరసలో ఉన్నవాళ్ళు కొందరు, తొట్టిలో ఇంకా మొలక వేస్తున్నవాళ్ళ తాలూకు మనుషులు కొందరు. ఎవరి చేతిలో చూసినా కాగితాల సంచీయే.

పదకొండు గంటలకు షమీమ్ తలుపు తీసి, అమర్చడం అయిందని చెప్పింది. ఆమె ముఖంలో మాత్రం ఇంకా సడలింపు లేదు.

"తొట్టిలో పెరిగినవి ఒక్కోసారి ఒంట్లోకి వెళ్ళాక పని మొదలుపెట్టవు. నిద్రపోయినట్టు ఉండిపోతాయి. మూత్రం వస్తేగాని మనం ఏమీ అనుకోకూడదు."

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఎల్లాజీ లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, చివరికి అద్దం తలుపుకు నుదురు ఆనించి నిలబడిపోయాడు. లోపల నూకరత్నం మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సంచీ ఖాళీగా ఉంది. సువర్చల అతని పక్కకు వెళ్ళి నిలబడింది.

ఒంటిగంట దాటాక గొట్టంలో ఏదో మెరిసింది. ఒక బొట్టు. అది జారి సంచీలో పడింది. దాని వెనక ఇంకోటి. తరవాత దారంలా వస్తూనే ఉంది. లోపలున్న నర్సులు చప్పట్లు కొట్టారు. షమీమ్ మాస్కు తీసి, అద్దంలోంచి వాళ్ళను చూసి, లోపలికి రమ్మని చెయ్యి ఊపింది.

చప్పట్లకు నూకరత్నానికి మెలకువ వచ్చింది. మత్తులో కళ్ళు సగమే తెరిచింది.

"ఏటి ఈ గోల?"

"మూత్రం వచ్చిందండీ నూకరత్నం గారూ!" అంది షమీమ్. "మీ కాయ పని మొదలెట్టింది."

"ఓలమ్మ. ఉచ్చకి సప్పట్లేటి, సిగ్గు లేకండా." కాస్సేపు కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి ఎల్లాజీ కోసం వెతికింది. అతను కనిపించగానే పెదవులు సాగాయి. "అయినా నానేటి తక్కువ సేసినానా? ఈడికప్పుడు ఏడో నెల. ఇరేసనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోనాయి, ఏడవడానికి కూడా సత్తువ లేదు. ఉచ్చ పోస్తే బతుకుతాడు, లేకపోతే ఒగ్గీసుకోమన్నాడు డాక్టరు. రెండ్రోజులు ఒళ్ళో ఎట్టుకు కూకున్నాను. మూడోనాడు పొద్దున్న నా కోకంతా ఎచ్చగా తడిపీసినాడు. ఆ తడికోకతోనే ఇల్లిల్లూ తిరిగినాను. సూడండర్రా, మా గుంటడు ఉచ్చ పోసినాడు, సూడండర్రా అని. పిచ్చెక్కినాదనుకున్నారు నాకు."

ఎల్లాజీ ఈ సంగతి ఎన్నడూ వినలేదు. మంచం పక్కన వంగి ఆ సంచీకేసి చూశాడు. అడుగున రెండు వేళ్ళ ఎత్తు నిండింది, లేత పసుపుగా. దాన్ని ముట్టుకోవచ్చా అన్నట్టు నర్సుకేసి చూసి, ముట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. ఇక అక్కడ నిలబడలేక తలుపు తోసుకుని వసారాలోకి వచ్చేశాడు.

వసారాలో జనం తలలెత్తి చూశారు. ఒక్కరు కూడా అతనికి తెలిసినవాళ్ళు కాదు.

"మా అత్తకి ఉచ్చ వచ్చినాదండీ!" అన్నాడు ఎల్లాజీ పెద్దగా.

ఎవరూ నవ్వలేదు. గోడవారన కాగితాల సంచీ గుండెకు హత్తుకుని కూర్చున్న ఒక ముసలాయన మోకాళ్ళమీద చేతులు ఆనించి నెమ్మదిగా లేచాడు. దగ్గరికి వచ్చి, గ్రీజు పట్టిన ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకుని, "ఎంత వచ్చింది నాయనా?" అని ఆత్రంగా అడిగాడు.